పంటి వేరులో పాత పూడిక: ఏ పనిముట్టు మేలు?

ఈ సంచికలో పళ్ల గురించి, అందులోనూ ఒకసారి రూట్ కెనాల్ చేయించుకున్నాక మళ్లీ బాధపెట్టే పళ్ల గురించి మా అభిప్రాయం చెప్పదలిచాం.

పులికాట్ సరస్సు అంచున ఉన్న ఒక పల్లె నుంచి ఆ మధ్య ఒక తల్లి మన దంత విభాగానికి వచ్చింది. కుడి దవడ వాచిపోయి ఉంది. కుర్చీలో కూర్చోకముందే మమ్మల్ని అడిగింది: “సిస్టరమ్మా, ఈ పంటికి మూడేళ్ల కిందటే మద్రాసులో నరం తీసి మందు పెట్టినారు. ఇప్పుడు మళ్లీ చీము పడతా ఉండాది. ఆ పాత మందు తీయాలంటే మిషన్ కావాలంట గదా. మీ కాడ ఉండాదా, లేకుంటే చేత్తోనే గీకతారా?”

“రెండూ ఉన్నాయి తల్లీ, ముందు నువ్వు కూర్చో” అన్నాం. కాని ఆ ప్రశ్న మా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు మన సూళ్లూరుపేట వాళ్లు పొద్దున రైలెక్కితే పది గంటలకల్లా చెన్నైలో ఉంటారు. అక్కడ బోర్డుల మీద మిషన్ల పేర్లు చదువుతారు. తిరిగి వచ్చి “ఫలానా మిషన్ మీ దగ్గర లేదా” అని అడుగుతారు. అడగడం తప్పు కాదు. అయితే అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదని మా అభిప్రాయం.

ఈ విషయం ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. దంత విభాగానికి పాత రూట్ కెనాల్ మందు తీసే కొత్త మోటారు కొనడానికి సంఘస్థులు కొందరు కానుక ఇస్తామని ముందుకు వచ్చారు. వారికి మా కృతజ్ఞతలు. ఏది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి అనే మాట ఇంకా తేలలేదు. మేము డాక్టర్లం కాము, డిప్లొమా చదివిన నర్సులం. పంటిలో పని చేసేది డెంటల్ డాక్టరుగారే. కాని ఆ పనిముట్లు కడిగేది, లెక్కపెట్టేది, ఆటోక్లేవ్‌లో పెట్టి తీసేది, భయపడే రోగి చేయి పట్టుకునేది మేమే. అందుకే మాకు తెలిసినంతలో ఒక మాట చెప్పాలనుకున్నాం.

అసలు పాత మందు ఎందుకు తీయాలి?

పన్ను పుచ్చి లోపలి గుజ్జు చెడిపోయినప్పుడు ఆ గుజ్జు తీసి, వేరులోని సన్నని కాలువలను శుభ్రం చేసి, మళ్లీ క్రిములు చేరకుండా మందుతో మూసివేయడమే రూట్ కెనాల్ చికిత్స. మనవాళ్లు దీన్నే ‘నరం తీయడం’ అంటారు. బాగా చేసి, పైన బాగా మూస్తే ఆ పన్ను ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కొన్ని పళ్లు మాత్రం మళ్లీ చెడతాయి. కారణాలు చాలావరకు తెలిసినవే. లోపల ఒక కాలువ కనబడకుండా మిగిలిపోవచ్చు. పై దవడ మొదటి పెద్ద పన్నుకు వేర్లు మూడే అయినా కాలువలు చాలామందిలో నాలుగు ఉంటాయి. ఆ నాలుగోది వెంట్రుకలా సన్నగా ఉండి తప్పించుకుంటుంది. మందు వేరు చివరి దాకా చేరకపోవచ్చు. పైన వేసిన సిమెంటు ఊడిపోయి ఉమ్మి లోపలికి దిగవచ్చు. క్యాప్ వేయించుకోనందువల్ల పన్ను పగలవచ్చు. ఇలా చెడిన కాలువల్లో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి క్రిమి తరచుగా కనబడుతుందని పరిశోధకులు చెబుతారు. తిండి లేకపోయినా అది చాలాకాలం బతకగలదు.

మన ఊళ్లలో బావి పూడిక తీయడం అందరూ చూసే ఉంటారు. నీళ్లు చెడ్డాయని పైన పైన బ్లీచింగ్ పొడి చల్లితే నాలుగు రోజులే బాగుంటాయి. అడుగున పేరుకున్న బురద ఎత్తితే తప్ప మంచి ఊట రాదు. ఈ పంటి సంగతీ అంతే. మాత్రలు మింగితే వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, కాని కాలువలో ఉన్న క్రిములు అక్కడే ఉంటాయి. అక్కడ రక్తం పారదు కనుక మాత్రల మందు అక్కడికి చేరదు. పాత మందు తీసి, కాలువను మళ్లీ కడిగి, మళ్లీ మూయాలి. దీన్నే డాక్టర్లు ‘రీట్రీట్‌మెంట్’ అంటారు.

ఆ మందు ఏమిటి?

కాలువలో నింపేది గట్టా పెర్చా. మలయా దేశపు చెట్ల పాలు గడ్డకట్టగా వచ్చే రబ్బరు లాంటి పదార్థం ఇది. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకు నీరు తగలకుండా చుట్టింది దీన్నే. ఆ మరుసటి ఏడాది, 1867లో, బౌమన్ అనే అమెరికా దంత వైద్యుడు దీన్ని పంటి వేరులో నింపడానికి వాడాడు. నేటికీ అదే వాడుతున్నారు. ఇప్పటి పుల్లల్లో గట్టా పెర్చా అయిదో వంతే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. దాని చుట్టూ పల్చని సిమెంటు పూస్తారు.

గట్టా పెర్చాలో మంచి గుణం ఏమిటంటే వేడికి మెత్తబడుతుంది, కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది. అందుకే అవసరమైతే బయటికి తీయవచ్చు. ఒకప్పుడు ఇందుకు క్లోరోఫాం ఎక్కువగా వాడేవారు. దాని పొగ మంచిది కాదని ఇప్పుడు చాలాచోట్ల నారింజ తొక్క నూనె, యూకలిప్టస్ నూనె వాడుతున్నారు. అయితే ద్రావకం ఎక్కువ పోస్తే మందు జిగురులా కరిగి గోడలకు పల్చగా అంటుకుంటుంది. అప్పుడు తీయడం ఇంకా కష్టం. అందుకని చుక్క చుక్కగానే వేస్తారు.

పనిముట్ల పోలిక

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత మందు తీసే పనిముట్లు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది చేతి ఫైళ్లు. స్టీలుతో చేసిన సూదుల్లాంటివి. ఇందులో హెడ్‌స్ట్రోమ్ ఫైల్ పేరు ఎక్కువగా వింటాం. దాని అంచులు లోపలికి నెట్టేటప్పుడు కాక బయటికి లాగేటప్పుడు గీకుతాయి. ధర తక్కువ, చేతికి పట్టు తెలుస్తుంది. అయితే సమయం పడుతుంది, డాక్టరుగారి వేళ్లు నొప్పి పెడతాయి, రోగి నోరు తెరిచి చాలాసేపు కూర్చోవాలి. వంకర కాలువల్లో గట్టి స్టీలు తిన్నగా పోవాలని చూస్తుంది.

రెండోది గేట్స్ గ్లిడెన్ డ్రిల్. మోటారుకు తగిలించి నెమ్మదిగా తిప్పుతారు. ఇది కాలువ పైభాగంలో, తిన్నగా ఉన్నచోట మాత్రమే పనికొస్తుంది. లోతుకు తీసుకుపోతే వేరు గోడ పల్చబడుతుంది.

మూడోది నికెల్-టైటానియం రోటరీ ఫైళ్లు. ఈ లోహం పుట్టింది ఆసుపత్రిలో కాదు, అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో. అందుకే దానికి ‘నిటినాల్’ అని పేరు. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ అనే ముగ్గురు పళ్లు సరిచేసే తీగ నుంచి ఫైళ్లు చేసి చూశారు. అవి స్టీలు ఫైళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువగా వంగాయి. ఆ తర్వాత 1990లలో మోటారుతో తిరిగే ఫైళ్లు బజారులోకి వచ్చాయి. పాత మందు తీయడానికే ప్రత్యేకంగా చేసినవి తర్వాత వచ్చాయి. ప్రోటేపర్ యూనివర్సల్ రీట్రీట్‌మెంట్ పెట్టెలో డి1, డి2, డి3 అని మూడు ఉంటాయి. డి1 పొడవు 16 మిల్లీమీటర్లు, పైభాగానికి. దాని కొనకు కోసే పదును ఉంటుంది, గట్టి మందులోకి దారి చేస్తుంది. డి2 పొడవు 18 మిల్లీమీటర్లు, నడిమి భాగానికి. డి3 పొడవు 22 మిల్లీమీటర్లు, అడుగు భాగానికి. నిమిషానికి 500 నుంచి 700 చుట్లు తిరుగుతాయి. ఆ తిరుగుడు వేడికి మందు మెత్తబడి ఫైల్‌కు చుట్టుకుని పైకి వస్తుంది. ఎమ్‌టూ ఆర్, ఆర్-ఎండో అనేవి కూడా ఈ కోవలోవే.

నాలుగోది ముందుకు వెనక్కి ఊగే ఫైళ్లు. 2011లో వచ్చిన రెసిప్రాక్, వేవ్‌వన్ ఈ రకం. ఒకే దిక్కున గిరగిర తిరగకుండా ఒక వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ తిరుగుతాయి. రెసిప్రాక్ అయితే ఒక వైపు 150 డిగ్రీలు, ఇంకో వైపు 30 డిగ్రీలు. ఇరుక్కుంటే వెంటనే వదులు చేసుకుంటుంది కనుక విరిగే ప్రమాదం తగ్గుతుంది. చాలాసార్లు ఒక్క ఫైల్‌తోనే పని అవుతుంది. ఇవి ఒక్క రోగికే వాడి పారేయాలని తయారుచేశారు. పిడి దగ్గర ఉన్న రంగు ప్లాస్టిక్ ఉంగరం ఆటోక్లేవ్ వేడికి ఉబ్బిపోతుంది, మళ్లీ మోటారులో పట్టదు. ఈ ఏర్పాటు చూసినప్పుడు మాకు ఎంతో సంతోషమైంది. ఎందుకో కింద చెబుతాం.

ఇవి కాక చివర మిగిలిన అంటు తీయడానికి ఎక్స్‌పీ-ఎండో ఫినిషర్ ఆర్ అనే సన్నని ఫైల్ ఉంది. ఒంటి వేడికి అది వంపు తిరిగి గోడలను తుడుస్తుంది. అల్ట్రాసోనిక్ కదలికతో కడిగే మందును కుదిపి శుభ్రం చేసే పద్ధతి కూడా ఉంది.

ఏది గెలిచింది?

దేశదేశాల దంత కళాశాలల్లో ఈ పోలిక మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, మన దేశంలోనూ జరిగాయి. వాటి సారం చెప్పాలంటే ఇది. మోటారు ఫైళ్లు చేతి ఫైళ్ల కన్నా సాధారణంగా త్వరగా పని ముగిస్తాయి. వేరు చివరి నుంచి దవడలోకి మట్టి నెట్టడంలో చేతి ఫైళ్లే ఎక్కువ తప్పు చేశాయని పలు పరిశోధనల్లో తేలింది. శుభ్రత విషయంలో మాత్రం ఒకచోట ఒకటి మెరుగ్గా ఉంటే ఇంకోచోట ఇంకొకటి మెరుగ్గా ఉంది. అన్నిటిలోనూ కనబడిన మాట ఒక్కటే: ఏ పనిముట్టూ పాత మందును పూర్తిగా తీయలేదు. ముఖ్యంగా వేరు అడుగు భాగంలో ఎంతో కొంత మిగిలే ఉంది. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు ఒక్కదాన్నే నమ్ముకోరు. పైన మోటారు, అడుగున చేయి, చివర కడగడం ఇలా కలిపి చేస్తారు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం పీకేసిన పళ్ల మీద చేసినవి. వాటిని బల్ల మీద పెట్టి, మందు నింపి, మళ్లీ తీసి, ఎంత మిగిలిందో కొలిచారు. ఆ పన్నుకు నొప్పి లేదు, నాలుక అడ్డం రాదు, ఉమ్మి ఊరదు, ఇంటికి వెళ్లి జంతికలు కొరకదు. మనకు కావలసింది పన్ను మానిందా లేదా అన్నది. రీట్రీట్‌మెంట్ బాగా చేస్తే సుమారు నూటికి 75 నుంచి 80 పళ్లు మానుతున్నాయని ఇప్పటిదాకా వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. ఆ మానడం మిషన్ పేరు మీద కన్నా, కాలువలన్నీ దొరికాయా, వేరు చివర ముందే ఎంత ఇన్ఫెక్షన్ ఉంది, బాగా కడిగారా, పైన గట్టిగా మూశారా అన్నవాటి మీద ఎక్కువగా ఆధారపడి ఉంది.

అలాగని మేము మోటారు వద్దనడం లేదు. నోరు గంటసేపు తెరిచి ఉంచలేని ముసలివారు, దవడ పట్టేసేవారు, సుగర్ ఉన్నవారు మన దగ్గరికి రోజూ వస్తారు. వారికి అరగంట మిగలడం చిన్న మేలు కాదు. మేము అనేదల్లా మోటారు ఒక్కటే చికిత్స కాదని.

మా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు

ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయకపోతే మా అభిప్రాయానికి విలువ ఉండదు.

చాలా ఏళ్ల కిందట మేము వేరే ఊరి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసేవాళ్లం. పళ్ల గదిలో ట్రేలు సర్దే పని మాది. రోటరీ ఫైళ్లు అప్పుడే కొత్త. ఒక్కొక్కటి ఖరీదు. పెట్టెలు ఆలస్యంగా వచ్చేవి. ఒక ఫైల్ ఎన్నిసార్లు వాడారో రాసుకునే పుస్తకం లేదు. ఆ రోజు సాయంత్రం ఒక ఫైల్ పట్టుకుని వెలుతురులో చూశాం. అంచులు సాగినట్టు లేవు, వంకర లేదు. “బాగానే ఉంది కదా” అనుకుని కడిగి, ఆటోక్లేవ్ చేసి, పెట్టెలో పెట్టేశాం.

మరునాడు ఒక కుర్ర మాస్టారు వచ్చారు. కింది దవడ పన్ను, పాత మందు తీయాలి. పని మధ్యలో ఆ ఫైల్ వేరులో విరిగింది. చిన్న చప్పుడు, అంతే. డాక్టరుగారు ముక్క పక్కనుంచి దారి చేయాలని రెండుసార్లు ప్రయత్నించారు. కుదరలేదు. కొన్ని నెలలకు ఆ పన్ను పీకవలసి వచ్చింది. పనిముట్టు విరిగిందని ఆయనకు చెప్పారు. అది ఎన్నో చేతులు మారిన పాత ఫైల్ అని మాత్రం ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆయన వెళ్తూ “థ్యాంక్స్ సిస్టర్, చాలా ఓపికగా చూశారు” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత తెలుసుకున్నాం. నికెల్-టైటానియం ఫైల్ అలసిపోయి విరిగేటప్పుడు కంటికి ఏ గుర్తూ కనబడకపోవచ్చు. వంకర కాలువలో తిరిగిన ప్రతిసారీ లోహం లోపల కొంచెం అలిసిపోతుంది. పైన మెరుస్తూనే ఉంటుంది. ఆటోక్లేవ్ క్రిములను చంపుతుంది, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 134 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు చాలు. కాని అలసిన లోహానికి వయసు వెనక్కి రాదు. చూపుతో కాదు, లెక్కతోనే దాన్ని పట్టుకోగలం.

విరిగిన ప్రతి ముక్కా పన్నును చంపదని కూడా చెప్పాలి. శుభ్రం చేసిన కాలువలో చివర విరిగితే కొన్నిసార్లు దాన్ని అలాగే మూసి ఉంచినా పన్ను నిలుస్తుంది. కాని ఆ అదృష్టం మీద ఆసుపత్రి నడవకూడదు.

అందుకే మా అభిప్రాయం

మొదటిది, కానుక ఇచ్చే పెద్దలకు. మోటారు ఒకసారి కొంటాం, ఫైళ్లు ప్రతి నెలా కొనాలి. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు కాకూడదు. మోటారు ధర ఎంతో, కనీసం రెండేళ్ల ఫైళ్లకు ఎంతో, రెండూ కలిపి లెక్క వేసి ఇవ్వండి. ఫైళ్లకు డబ్బు లేని మోటారు ఊరికే ఉండదు, పాత ఫైళ్లతో తిరుగుతుంది. అది మిషన్ లేకపోవడం కన్నా ప్రమాదం.

రెండోది, మన ఆసుపత్రికి. ఏ రకం కొన్నా రిజిస్టరు ముందు పెట్టాలి. ఫైల్ నంబరు, తేదీ, ఏ పన్ను, ఎన్ని కాలువలు, ఎన్నోసారి, ఎప్పుడు పారేశారు అన్నవి రాయాలి. మన దగ్గర ఉన్న పాత మోటారుకు ఈ పుస్తకం ఇప్పటికే ఉంది. లెక్క దాటిన ఫైల్ ఎంత బాగా కనబడినా సరే, మా చేత్తోనే తుంచి పారేస్తాం. ఒక్కసారి వాడి పారేసే రకం కొంటే మాత్రం దాని ఉంగరాన్ని కోసి మళ్లీ వాడాలని ఎవరూ చూడకూడదు. ఒకే రోగికి వాడి పారేసే రకం మేలని మా ఓటు. దాని ఖర్చు రోగి మీద పూర్తిగా పడకుండా కానుక నిధి నుంచి కొంత సర్దాలి.

మూడోది, అదే డబ్బులో కొంత మంచి ఎక్స్‌రేకూ, రబ్బర్ డ్యామ్‌కూ వెళ్లాలి. రబ్బర్ డ్యామ్ అంటే పంటి చుట్టూ బిగించే పల్చని రబ్బరు తెర. 1864లో బార్నం అనే అమెరికా దంత వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఉమ్మి కాలువలోకి దిగదు, కడిగే మందు గొంతులోకి పోదు, చిన్న ఫైల్ జారితే రోగి మింగడు. ఇంత తక్కువ ధరకు ఇంత మేలు చేసే వస్తువు పళ్ల గదిలో ఇంకొకటి లేదని మా నమ్మకం.

నాలుగోది, నిజం చెప్పడం. పని మొదలుపెట్టే ముందే “ఇది నూటికి నూరు శాతం గ్యారంటీ కాదు, ఫైల్ విరగవచ్చు, రెండు మూడుసార్లు రావలసి ఉంటుంది” అని రోగికి తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి. ఏదైనా జరిగితే అదే రోజు, అదే కుర్చీ దగ్గర, మొత్తం చెప్పాలి.

అయిదోది, నిలవని పన్నును నిలుపుతామని ఆశ పెట్టకూడదు. వేరు నిలువునా చీలినా, చిగురు పైన పన్ను ఏమీ మిగలకపోయినా, చిగుళ్ల జబ్బుతో పన్ను బాగా ఊగుతున్నా పీకడమే సరైన వైద్యం. అది తప్పు కాదు. మన దగ్గర చేయలేని కష్టమైన కేసులను నెల్లూరు నారాయణ దంత కళాశాలకో, చెన్నై ప్రభుత్వ దంత కళాశాలకో పంపడం చిన్నతనం కాదు. రెండూ మనకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూగానే ఉన్నాయి.

రోగులకు నాలుగు మాటలు

“మా ఊరి నీళ్లే అంత, పళ్లు ఎలాగూ పోతాయి సిస్టరమ్మా, పీకేయండి” అని చాలామంది అంటారు. నీళ్ల మాటలో కొంత నిజం ఉంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. కాని ఫ్లోరైడ్ మరకలు పైపొర మీదివి. రూట్ కెనాల్ చేసిన పన్ను చెడిందంటే నీళ్ల మీద నెట్టేయకండి. చాలాసార్లు కారణం మన చేతిలో ఉన్నదే, అది క్యాప్.

నొప్పి పోగానే చాలామంది మళ్లీ రారు. “తర్వాత వేయించుకుంటాం” అంటారు. ఆ తర్వాత పొలం పని, రొయ్యల పని, పిల్లల ఫీజులు. 2002లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో రూట్ కెనాల్ చేసిన పళ్లలో క్యాప్ లేనివి, క్యాప్ ఉన్నవాటి కన్నా సుమారు 6 రెట్లు ఎక్కువగా పోయినట్టు తేలింది. నమలే పన్నుకు క్యాప్ అలంకారం కాదు, ఇంటికి కప్పు లాంటిది. అందుకని పాత మందు తీయించుకోవడానికి ఎక్కడికి వెళ్లినా, మన దగ్గరికే వచ్చినా సరే, ఈ ప్రశ్నలు అడగండి.

1. ఈ పన్ను ఎందుకు మళ్లీ చెడింది? ఎక్స్‌రేలో మాకు చూపిస్తారా?

2. ఇది నిలిచే పన్నేనా? పీకితే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుంది?

3. రబ్బర్ డ్యామ్ వేసి చేస్తారా?

4. వాడే ఫైల్ కొత్తదా? కాకపోతే ఎన్నోసారి? లెక్క రాస్తారా?

5. క్యాప్‌తో కలిపి మొత్తం ఖర్చు ఎంత? ఎన్నిసార్లు రావాలి?

6. ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు తీస్తారు?

ఈ ఆరు ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే చోట, మిషన్ పేరు ఏదైనా, మీరు ధైర్యంగా కూర్చోవచ్చు. సుగర్, గుండె జబ్బు, రక్తం పల్చబడే మాత్రలు, గర్భం ఇవేవైనా ఉంటే ముందే చెప్పండి. జ్వరంతో పాటు వాపు మెడ దాకా దిగినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా ఆ రోజే ఆసుపత్రికి రండి. అది రాత్రయినా సరే.

మొదట చెప్పిన ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాం. ఎక్స్‌రే తీస్తే ఆ పన్నులో ఒక కాలువ అసలు ముట్టుకోకుండానే మిగిలి ఉంది. పైన క్యాప్ లేదు, సిమెంటు సగం ఊడిపోయింది. అంటే ప్రపంచంలో ఉన్న మిషన్లన్నీ తెచ్చి మిగతా కాలువల్లో తిప్పినా ఆ పన్ను మానేది కాదు. డాక్టరుగారు పైభాగం మోటారుతో, అడుగు భాగం చేతి ఫైళ్లతో తీశారు. దొరకని కాలువను వెతికి పట్టుకున్నారు. ఒక మూల కొంచెం పాత మందు రాలేదు, ఆ మాట ఆమెకు చెప్పారు. మూడుసార్లు వచ్చింది. ఈసారి క్యాప్ కోసం ఆమె భర్త రొయ్యల డబ్బులో కొంత ముందే పక్కన పెట్టాడు. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో వేరు చివర ఉన్న నల్లని నీడ బాగా తగ్గింది. పూర్తిగా పోయిందా లేదా చూడటానికి వచ్చే ఏడాది మళ్లీ రమ్మన్నాం.

“మిషన్‌తోనే బాగైంది గదా సిస్టరమ్మా?” అని అడిగింది.

“మిషన్ కొంత, డాక్టరుగారి ఓపిక కొంత, నువ్వు మూడుసార్లు తిరిగి రావడం చాలా” అన్నాం.

కొత్త మోటారు వస్తే సంతోషంగా తుడిచి పెట్టుకుంటాం. దాని పక్కనే రిజిస్టరు కూడా ఉంటుంది. ఎవరు వచ్చి అడిగినా చూపిస్తాం.

నర్సింగ్ సూపరింటెండెంట్